బస్తీ, గూడ, నగర్, హిల్స్: హైదరాబాద్ నివాస ప్రాంతాలు ఎలా ఏర్పడ్డాయి

2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని అంచున ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపిన తరువాత హైదరాబాద్ నివాసుల్లో ఒక పాత అయోమయం మళ్లీ తలెత్తింది. ఇంటి పన్ను రసీదులో ఉండే సర్కిల్ పేరు ఒకటి, ఆటో ఎక్కేటప్పుడు చెప్పే పేరు మరొకటి, రిజిస్ట్రేషన్ కాగితాల్లో సర్వే నంబరు పక్కన రాసి ఉండే ఊరి పేరు ఇంకొకటి. మూడూ ఒకే ఇంటికి చెందినవే. వీటిలో ఏది అసలు పేరని అడిగితే మూడూ అసలువేనని చెప్పవలసి వస్తుంది. ఒక్కొక్క పేరు ఆ నేల చరిత్రలో ఒక్కొక్క దశలో పుట్టింది మరి.

హైదరాబాద్‌ను పాతబస్తీ, కొత్త నగరం అనే రెండు ముక్కలుగా చెప్పుకోవడం మనకు అలవాటు. అయితే బార్కస్‌కూ బేగంబజార్‌కూ, లాలాగూడకూ బొల్లారానికీ, కేపీహెచ్‌బీకీ మాదాపూర్‌కూ మధ్య ఉన్న తేడా ఆ విభజనకు అందదు. ఒక ప్రాంతం స్వభావం తెలియాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ నేల ప్లాట్లుగా విడిపోకముందు ఎవరి చేతిలో ఉంది? విడగొట్టినప్పుడు ఎవరి కోసం విడగొట్టారు? గల్లీ వెడల్పు, ఇంటి పరిమాణం, పక్కింటివారి వృత్తి, వానాకాలంలో నీరు నిలిచే చోటు, ఇవన్నీ చాలావరకు ఆ రెండు జవాబుల్లోనే దొరుకుతాయి.

పేరు చివరి మాట ఏం చెబుతుంది

గూడ, పల్లి, కుంట అని ముగిసే పేర్లు తెలుగు పల్లెల గుర్తులు. నారాయణగూడ, చిక్కడపల్లి, కూకట్‌పల్లి, నల్లకుంట ఒకప్పుడు పొలాలూ నీటి కుంటలూ ఉన్న చిన్న ఊళ్లు. నగరం వాటిని కలుపుకుంది కానీ పేర్లను అలాగే ఉంచింది. ఆబాద్, పురా, గంజ్ అనేవి ఎవరో ఒకరు పూనుకొని నెలకొల్పిన చోట్లను సూచిస్తాయి. ఖైరతాబాద్, సైఫాబాద్, మొగల్‌పురా, యాకుత్‌పురా, అఫ్జల్‌గంజ్ ఈ కోవలోకి వస్తాయి. బాగ్ అంటే తోట. బషీర్‌బాగ్‌కు ఆ పేరు అక్కడ అస్మాన్ జా కట్టించుకున్న ప్యాలెస్ నుంచి వచ్చింది.

నగర్ అనే మాట ఇరవయ్యో శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చింది. ఏడో నిజాం పెద్ద కుమారుడు ఆజం జా అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్, ఆయన పేరు మీదే హిమాయత్‌నగర్ వెలిసింది. తరువాతి కాలంలో నీలం సంజీవరెడ్డి పేరుతో ఎస్సార్ నగర్, జలగం వెంగళరావు పేరుతో వెంగళరావు నగర్, ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరుతో ఏ.ఎస్. రావు నగర్ వచ్చాయి. రాకుమారుడి నుంచి ముఖ్యమంత్రికి, ముఖ్యమంత్రి నుంచి శాస్త్రవేత్తకు పేరు మారిన ఈ వరుసలోనే నగరంలో నేల పంచే అధికారం ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో కనిపిస్తుంది.

కొన్ని పేర్లు నోళ్లలో నలిగి అసలు రూపు కోల్పోయాయి. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ ఇంగ్లీషు బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ నివాసం ఏర్పరచుకున్నారు. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే సిద్దీ అశ్వికుల ఇళ్లున్న చోటు. మాసబ్‌ట్యాంక్‌లోని మాసబ్, మా సాహెబాగా జనం పిలుచుకున్న కుతుబ్‌షాహీ రాజవంశపు హయత్ బక్షీ బేగం. హయత్‌నగర్ కూడా ఆమె పేరే. కార్వాన్ అనే పేరులో గోల్కొండ వజ్రాల కాలపు వర్తక బిడారులు ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్థలనామాల కథలన్నీ ఒకే పాటి నమ్మకానికి తగినవి కావు. మూసారాంబాగ్ పేరు ఫ్రెంచి సేనాని మాన్స్యూర్ రేమాండ్ నుంచి వచ్చిందనీ, ఆయనను హిందువులు మూసారాం అనీ ముస్లింలు మూసా రహీం అనీ పిలిచారనీ ఎంతోమంది రాశారు. ఆయన సమాధి దగ్గరలోనే ఉండడం ఆ కథకు బలం. సోమాజిగూడ సోనాజీ అనే రెవెన్యూ ఉద్యోగి పేరు నుంచి వచ్చిందనేది మాత్రం ప్రధానంగా జనం నోట నిలిచిన మాట. రెండింటినీ ఒకే గొంతుతో చరిత్రగా చెప్పడం సరి కాదు.

బస్తీ అనే మాటకు హైదరాబాద్‌లో రెండు అర్థాలున్నాయి. ఉర్దూలో దాని మూలార్థం జనావాసం, మనుషులు నివసించే చోటు. పాతబస్తీ అన్నప్పుడు ఆ అర్థమే ఉంది. ప్రభుత్వ కాగితాల్లోనూ ఇప్పటి వాడుకలోనూ అది పేదల వాడకు పర్యాయపదంగా స్థిరపడింది. ఈ రెండో అర్థాన్ని మొదటిదాని మీద రుద్దడం వల్లనే, నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉన్న నగర హృదయాన్ని ఒక పెద్ద మురికివాడగా ఊహించుకునే పొరపాటు మన మాటల్లో తరచుగా దొర్లుతోంది.

గోడ లోపలి నగరం: దేవిడీ చుట్టూ అల్లుకున్న బతుకు

మూసీ మీద పురానాపూల్ 1578లో కట్టారు. అది గోల్కొండను దక్షిణపు ఒడ్డుతో కలిపింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కేంద్రంగా కొత్త నగరాన్ని స్థాపించాడు. మీర్ మోమిన్ అస్త్రాబాదీ దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించాడు. నాలుగు దిక్కులకూ సాగిన దారులు నగరాన్ని నాలుగు భాగాలు చేశాయి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక నగరం కళ తప్పింది. 1763లో నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాద్ నుంచి ఇక్కడికి మార్చాక మళ్లీ పుంజుకుంది. చుట్టూ ఉన్న గోడకు మిగిలిన ఆనవాళ్లలో దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు ముఖ్యమైనవి.

ఈ గోడ లోపలి నివాసానికి మూలం దేవిడీ. దేవిడీ అంటే ఒక ఉన్నత కుటుంబపు భవన సముదాయం. ఎత్తయిన కమాను, లోపల ఒకదాని వెనక ఒకటిగా ఆవరణలు, మగవారుండే మర్దానా, ఆడవారుండే జనానా, గుర్రపుశాలలు, నౌకర్ల ఇళ్లు అన్నీ ఒక ప్రహరీలో ఉండేవి. సాలార్‌జంగ్ వంశస్థుల దివాన్ దేవిడీ, హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. దేవిడీని ఆశ్రయించుకొని దర్జీలు, అత్తరు సాయిబులు, గుమాస్తాలు, సిపాయిలు చుట్టుపక్కల గల్లీల్లో ఉండేవారు. కాబట్టి ఒక మొహల్లాలో ధనిక, పేద తేడా ఎంత ఉన్నా, వారి ఇళ్ల మధ్య దూరం తక్కువగా ఉండేది.

మతం విషయంలోనూ గోడ లోపలి నగరం ఒకే రంగుది కాదు. షాలిబండ, హుస్సేనీ ఆలం పరిసరాల్లో నిజాం కొలువులో పెద్ద పదవులు నిర్వహించిన కాయస్థ, ఖత్రీ కుటుంబాలు ఉండేవి. లాల్‌దర్వాజా, గౌలిపురా, హరిబౌలి ఇవాళ్టికీ బోనాలకు పెట్టింది పేరు.

ఒడ్డుకు అవతల: రెసిడెన్సీ, లష్కర్

మూసీకి ఉత్తరాన రెండు చోట్ల నిజాంది కాని అధికారం నడిచింది. మొదటిది బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టించిన ఆ భవనం తరువాత కోఠి మహిళా కళాశాల అయింది, నేడు అది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. కోఠి అంటే ఆ బంగళాయే. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లు బ్రిటిష్ అజమాయిషీలో ఉండేవి. వడ్డీ వ్యాపారులు, వర్తకులు, న్యాయవాదులు అక్కడ చేరడానికి ఆ వేరు అధికారమే కారణం. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో ఈ ప్రాంతంలో పుట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను. నిజాం రాజ్యంలో తెలుగు సభకైనా గ్రంథాలయానికైనా అనుమతి కష్టమైన రోజుల్లో, పరిపాలన వేరుగా ఉన్న చోట కాస్త ఊపిరి తీసుకునే వీలుండేది. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం పరమయ్యాయి, పేరు సుల్తాన్ బజార్‌గా మారింది. తెలుగు మధ్యతరగతి అక్కడి నుంచి ఉత్తరంగా, తూర్పుగా విస్తరించింది. మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల ఉన్న నారాయణగూడ, ఆ పక్కన చిక్కడపల్లి, నల్లకుంట వారి ఇళ్లతో నిండాయి.

రెండోది సికింద్రాబాద్. 1798 నాటి సైనిక ఒప్పందం తరువాత బ్రిటిష్ దళాలు విడిది చేసిన ఈ చోటికి 1806లో సికందర్ జా పేరు పెట్టారు. జనం దీన్ని లష్కర్ అన్నారు, ఇక్కడి ఉజ్జయినీ మహంకాళి బోనాలను ఇప్పటికీ లష్కర్ బోనాలనే అంటారు. మద్రాసు సైన్యం వెంట వచ్చిన తమిళ మొదలియార్లు, పార్సీలు, ఆంగ్లో ఇండియన్లు దీనికి హైదరాబాద్‌లో లేని వేరే ముఖాన్ని ఇచ్చారు. 1874లో రైలు వచ్చాక మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్ల ప్రాంతాలయ్యాయి. సికింద్రాబాద్ పురపాలక సంస్థ 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది, కంటోన్మెంటు మాత్రం వేరుగానే ఉండిపోయింది.

కంటోన్మెంటులోని తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాల్లో ఇంత పెద్ద ఆవరణలూ పాత చెట్లూ ఎలా మిగిలాయని చాలామంది ఆశ్చర్యపోతారు. అక్కడి అనేక బంగళాలు ఓల్డ్ గ్రాంట్ అనే ఏర్పాటు కింద ఉన్నాయి. అంటే కట్టడం మీద హక్కు నివసించేవారిది, నేల మాత్రం ప్రభుత్వానిది. నేల తనది కానివాడు దానిని ముక్కలు చేసి అమ్మలేడు, అపార్ట్‌మెంటుకు ఇవ్వలేడు. పది నిమిషాల దూరంలో ఉన్న మారేడ్‌పల్లిలో సొంత హక్కున్న పాత ఇళ్లు ఒకటొకటిగా అపార్ట్‌మెంట్లు అవుతుంటే, ఇక్కడ బంగళాలు అలాగే నిలవడానికి ఈ హక్కు పత్రమే ప్రధాన కారణం.

వరద, ప్లేగు మార్చిన పటం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి కొందరు ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. దాని కింద నిలబడి పైకి చూసినప్పుడు నీరు ఎంత ఎత్తున వచ్చి ఉంటుందో అంకెలు చెప్పనంత స్పష్టంగా అర్థమవుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

నివాస ప్రాంతాల చరిత్రకు అంతకంటే ముఖ్యమైనది 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. వరద తరువాత ప్లేగు కూడా రావడంతో గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్లే రోగాలకు మూలమన్న ఆలోచన బలపడింది. బోర్డు ఇరుకు వాడలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, మల్లేపల్లి వంటి చోట్ల సామాన్యుల కోసం వరుస ఇళ్లు కట్టింది. పాతర్‌గట్టీ రాతి కట్టడాలు, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కూడా ఆ కాలపు పనులే. ప్రభుత్వం ఒక నమూనా గీసి, ఆదాయాన్ని బట్టి వర్గాలు చేసి ఇళ్లు కట్టడం హైదరాబాద్‌లో అక్కడే మొదలైంది. 1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఆ పద్ధతికే వారసురాలు.

స్థోమత ఉన్నవారు ఏటి ఒడ్డు వదిలి ఎత్తు ప్రాంతాలకు కదిలారు. ఏడో నిజాం స్వయంగా పాత నగరంలోని రాజభవనాలను కాదని కింగ్ కోఠిలో ఉన్నాడు. 1920ల తరువాత మెహదీ నవాజ్ జంగ్ బంజారాలు నివసించే రాతి గుట్టల మీద ఇల్లు కట్టుకొని, ఆ చోటికి వారి పేరే పెట్టాడు. నగరంలో అత్యంత ఖరీదైన నేలల్లో ఒకటి ఆ విధంగా తండావాసుల పేరు మోస్తోంది. వారిలో ఎందరికి ఆ గుట్టల మీద ఇప్పుడు ఇల్లు ఉందన్న ప్రశ్న ఆ పేరు విన్నప్పుడల్లా నన్ను వెంటాడుతుంది.

జాగీరు నుంచి ప్లాటుకు

ఇక్కడ నాలుగు మాటలకు అర్థం తెలియాలి. నిజాం సొంత ఖర్చులకు ఆదాయం వచ్చే భూములు సర్ఫేఖాస్. ప్రభుత్వం శిస్తు వసూలు చేసుకొనేవి దివానీ. నిజాం కొలువులోని ‘పైగా’ అనే ప్రభు వంశీయుల ఆధీనంలోనివి పైగా భూములు. ప్రభువులకు, ఉద్యోగులకు ఆదాయం అనుభవించడానికి ఇచ్చినవి జాగీర్లు. నగరం చుట్టూ ఉన్న నేలలో పెద్ద భాగం ఇలా కొద్దిమంది చేతుల్లో ఉండేది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది, సర్ఫేఖాస్ కూడా ప్రభుత్వంలో కలిసింది. ఆదాయం పోయిన కుటుంబాలకు మిగిలినవి తోటలు, బంగళాలు, వాటి చుట్టూ ఉన్న ఖాళీ నేల. వాటిని అమ్ముకోవడం తప్ప చాలామందికి దారి లేకపోయింది.

కొనేవారు కూడా అప్పుడే వచ్చారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారడంతో వేలాది ఉద్యోగులకు ఇళ్లు కావలసి వచ్చాయి. సహకార గృహనిర్మాణ సంఘాలు, అంటే జనం సొసైటీలని పిలిచేవి, పెద్ద కమతాలను కొని సభ్యులకు పంచాయి. జూబ్లీహిల్స్ 1960లలో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో ఏర్పడిన అటువంటి సంఘం నుంచే పుట్టింది.

ప్లాటు పరిమాణం ఒక ప్రాంతం జాతకాన్ని ఎలా నిర్ణయిస్తుందో ఒక లెక్కతో చూద్దాం. పది ఎకరాల నేల అంటే 48,400 గజాలు. రోడ్లకూ పార్కుకూ నలభై శాతం వదిలితే సుమారు 29,000 గజాలు మిగులుతాయి. వెయ్యి గజాల చొప్పున పంచితే 29 ఇళ్లు, మూడు వందల గజాల చొప్పున అయితే 96 ఇళ్లు, అరవై గజాల చొప్పున అయితే 480కి పైగా ఇళ్లు. మొదటిది గుట్టల మీది సొసైటీ, రెండోది ఉద్యోగుల కాలనీ, మూడోది పేదల కోసం వేసిన లేఅవుటు. చిన్న ప్లాట్ల లేఅవుటులో రోడ్లకు నలభై శాతం వదలడం కూడా అరుదు, కాబట్టి అసలు తేడా ఇంతకంటే ఎక్కువగా ఉంటుంది.

ఇప్పుడు మధ్యనున్న ఉద్యోగుల కాలనీనే తీసుకొని కాలం ముందుకు నడుపుదాం. 96 ప్లాట్లలో 96 కుటుంబాలు. పిల్లలు పెద్దయ్యాక పైన ఒక పోర్షన్ వేసి అద్దెకిస్తే రెట్టింపు. ఆ తరువాత బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చి, కింద పార్కింగ్ వదిలి నాలుగు అంతస్తుల్లో అంతస్తుకు రెండు ఫ్లాట్లు వేస్తే ఒక్కో ప్లాటులో ఎనిమిది కుటుంబాలు, మొత్తం 768. వీధి వెడల్పు మారలేదు, దాని కింది డ్రైనేజీ గొట్టం చాలా చోట్ల పాతదే. బర్కత్‌పురా, నల్లకుంట గల్లీల్లో ఈ మార్పు కళ్లెదుట కనిపిస్తుంది. ఒక చోట ఇంకా జాలీ కిటికీలూ, ముందు వసారా, మూలనొక బావీ ఉన్న పాత ఇల్లు, దాని గేటు స్తంభానికి పాలరాతి పలక మీద ఎవరో నాయనమ్మ పేరుతో "నిలయం". పక్కనే అపార్ట్‌మెంటు, దాని మీద కూడా అటువంటి పేరే, ఇత్తడి అక్షరాల్లో. ఇల్లు పోయినా పేరు మిగలాలని ఆ కుటుంబం బిల్డరుతో ఒప్పందంలో రాయించుకొని ఉండవచ్చు.

ఇంటి నంబరు చదవడం

పాత కార్పొరేషన్ పరిధిలోని ఇంటి నంబరులో మూడు సంఖ్యలు ఉంటాయి. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. 3-6 అని మొదలైతే హిమాయత్‌నగర్ వైపని పాత పోస్టుమ్యాన్ వెంటనే గుర్తుపడతాడు. ఆ తరువాత గీటు పెట్టి మరో అంకె వస్తే మూల స్థలాన్ని విభజించారని అర్థం. జూబ్లీహిల్స్‌లో లెక్కలేనన్ని ఇళ్ల నంబర్లు 8-2-293/82 అని మొదలై, ఆ తరువాత అక్షరాలతో, అంకెలతో సాగుతాయి. ఒకప్పుడు ఒకటిగా లెక్కకెక్కిన నేల వందలాది ప్లాట్లుగా విడిపోయిన చరిత్ర ఆ గీటు గుర్తుల్లో దాగి ఉంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10 వేరు, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 10 వేరు అని కొత్తవారికి తెలియకపోవడానికీ మూలం ఇదే. రెండూ వేర్వేరు చేతుల్లో, వేర్వేరు కాలాల్లో వేసిన లేఅవుట్లు, ఎవరి లెక్క వారిది.

ఫ్యాక్టరీ సైరన్ చుట్టూ పుట్టిన కాలనీలు

1960ల నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థలు నగర శివార్లకు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ ప్రాంతంలో ఐడీపీఎల్, కుషాయిగూడ వైపు 1967లో ఈసీఐఎల్. ఒక్కొక్కటి తన టౌన్‌షిప్‌ను, ఆపైన ఉద్యోగుల సొసైటీలను తెచ్చింది. దేశంలోని అన్ని రాష్ట్రాల వారూ ఒకే రకం క్వార్టర్లలో ఉండడం, అందరి పిల్లలూ ఒకే బడికి వెళ్లడం వల్ల ఆ ప్రాంతాల్లో కులం, ప్రాంతం కంటే ఉద్యోగం హోదా ఎక్కువ గుర్తింపు పొందింది.

హౌసింగ్ బోర్డు కాలనీల్లో ఆ వర్గీకరణ మరింత బహిరంగం. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అనే మాటలు తక్కువ, మధ్య, ఎగువ ఆదాయ వర్గాలను సూచిస్తాయి. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, అంటే కేపీహెచ్‌బీలో, అవి చిరునామాలో భాగమైపోయాయి. జీతం ఎంతో చెప్పే మాట ఇంటి గోడ మీద ఉండడం మనకు వింతగా తోచకపోవడం గమనించదగిన విషయం. తరువాత ఆ ఎల్ఐజీ ఇళ్లే నాలుగైదు అంతస్తులు లేచి, హాస్టళ్లుగా, కోచింగ్ సెంటర్లుగా మారాయి.

పడమటికి జరిగిన బరువు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఉద్యోగాల కేంద్రాలయ్యాయి. దానికి నియమాల మార్పు తోడైంది. ఎఫ్ఎస్ఐ అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు నిర్మాణం చేయవచ్చో చెప్పే పరిమితి. 2006లో జీవో 86 ఆ పరిమితిని తొలగించింది, 2012 నాటి జీవో 168 అదే దారిలో నడిచింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తుకు సంబంధించిన అనుమతులు మాత్రమే హద్దులయ్యాయి. మన పది ఎకరాల లెక్కకు తిరిగి వస్తే, అంతస్తుకు ఆరు ఫ్లాట్ల చొప్పున ముప్పై అంతస్తుల టవర్లు ఐదు వేస్తే 900 కుటుంబాలు. ఉద్యోగుల కాలనీ రెండు తరాల్లో చేరుకున్న సాంద్రతను గేటెడ్ కమ్యూనిటీ ఒకేసారి దాటుతుంది.

దీని మీద రెండు వాదనలున్నాయి. పరిమితి లేకపోవడం వల్ల ఫ్లాట్ల సరఫరా పెరిగిందనీ, ఇతర మహానగరాలతో పోలిస్తే ధరలు చాలాకాలం అందుబాటులో ఉన్నాయనీ ఒక పక్షం అంటుంది. రోడ్లు, నీరు, మురుగు కాలువల సామర్థ్యాన్ని చూడకుండా ఎత్తుకు అనుమతిస్తే ఆ భారం గేటు బయట ఉన్నవారి మీద పడుతుందని మరో పక్షం అంటుంది. నా ఉద్దేశంలో రెండూ నిజమే. మొదటి వాదన ఫ్లాటు కొనేవారి వైపు నుంచి చూస్తుంది, రెండోది ఆ రోడ్డు మీద రోజూ ప్రయాణించేవారి వైపు నుంచి చూస్తుంది.

పాతబస్తీ ఎందుకు వెనకబడింది: రెండు వివరణలు

మొదటి వివరణ ప్రకారం బరువు ఉత్తరానికి మళ్లడం 1948 కంటే చాలా ముందే మొదలైంది. వరద, రాజు నివాసం కింగ్ కోఠికి మారడం, కార్యాలయాలు సైఫాబాద్ వైపు రావడం, ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్‌లో వెలియడం, ఇవన్నీ నిజాం కాలపు నిర్ణయాలే. రెండో వివరణ 1948 తరువాతి పరిణామాలను ప్రధానం చేస్తుంది. జాగీర్లు పోవడంతో దేవిడీని నమ్ముకున్న వేలాది వృత్తుల వారికి జీవనాధారం పోయింది, చదువుకున్నవారిలో కొందరు వలస వెళ్లారు, పరిపాలనలో ఉర్దూ స్థానం తగ్గింది, ఆపైన ప్రభుత్వ పెట్టుబడి మరోవైపే సాగింది. 2017లో మొదలైన మెట్రోలో ఫలక్‌నుమా వైపు వెళ్లవలసిన భాగం మొదటి దశలో పూర్తికాకపోవడాన్ని ఈ వాదన చేసేవారు ఉదాహరణగా చూపిస్తారు.

మొదటిది ధనికులు ఎందుకు వెళ్లారో బాగా చెబుతుంది. మిగిలినవారు ఎందుకు నష్టపోయారో రెండోది చెబుతుంది. దేవిడీ నీడన ధనిక, పేద పక్కపక్కన ఉన్న మొహల్లా నుంచి ధనికుడు తొలగిపోతే, అక్కడ మిగిలేది ఆదరువు లేని పనివాడి ఇల్లు. 1990 వంటి అల్లర్ల సంవత్సరాలు ఈ విభజనకు భయాన్ని జోడించాయి, రెండు మతాల కుటుంబాలూ తమవారు ఎక్కువగా ఉన్న చోటు వెతుక్కోవడం పెరిగింది.

కుంట గుర్తుంచుకుంటుంది

2000 ఆగస్టులోనూ 2020 అక్టోబరులోనూ నగరం మునిగినప్పుడు దెబ్బతిన్న ప్రాంతాల్లో చాలావరకు చెరువుల కింద, వాటి నాలాల వెంట ఉన్నవి. 2020లో టోలిచౌకి నదీం కాలనీ, పాతబస్తీ శివారులోని అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ప్లాటు అమ్మినవాడు ఎఫ్‌టీఎల్ గురించి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు గురించి, చెప్పడు. కొన్నవాడికి తెలిసే సరికి నోటరీ కాగితమో రిజిస్ట్రేషనో అయిపోయి ఉంటుంది. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఈ చర్చ పదునెక్కింది. చెరువును కాపాడాలన్నది ఎవరూ కాదనలేని మాట. అదే ప్రభుత్వాలు అక్కడ ఇంటి పన్ను వసూలు చేసి, కరెంటు కనెక్షన్ ఇచ్చి, క్రమబద్ధీకరణ పథకాలు ప్రకటించాయన్నది కూడా అంతే నిజం.

జంట జలాశయాల ఎగువన 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111 స్థానంలో 2022లో జీవో 69 వచ్చింది. పడమటి విస్తరణ ఇక ఎటు సాగుతుందన్నది ఆ గ్రామాల్లో ప్రతి రైతు ఇంటా నడుస్తున్న మాట.

ఇప్పటికే నగరంలో కలిసిపోయిన పల్లెల మాటకు వస్తే, మాదాపూర్‌లో అద్దాల భవనాల వెనక పాత ఊరు ఇంకా ఉంది. గ్రామకంఠం అంటే రెవెన్యూ లెక్కల్లో పంటకు కాక ఊరి నివాసానికి వదిలిన నేల, దానికి లేఅవుటు ఉండదు. అందుకే అక్కడ గల్లీలు ఎడ్లబండి తిరిగినంత వెడల్పే ఉన్నాయి, పొలాలున్న చోట మాత్రం వంద అడుగుల రోడ్డు పడింది. ఆ ఇరుకు గల్లీలో ఊరివారి ఇళ్లు ఐదంతస్తుల హాస్టళ్లయ్యాయి. ప్రతి మెట్ల దారి పక్కనా చెప్పుల వరుస, పైన ఆరేసిన ఐడీ కార్డు తాళ్లు, చివరన పోచమ్మ గుడి. శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన పిల్లలు మొదటి నెల అద్దె కట్టేది ఈ పాత ఊళ్లోనే. ఇంటి యజమానురాలు గేటు దగ్గర కుర్చీ వేసుకొని, "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగి, ఆధార్ జిరాక్సు తీసుకొని, రిజిస్టరులో తన ఇంటి చిరునామా రాయిస్తుంది: మాదాపూర్ విలేజ్.